వెంట వచ్చిన మనిషి

2023 ఆగస్టులో ఒక ఉదయం, మేం ఉండే ఊళ్లోని ఇమిగ్రేషన్ ఆఫీసులో కూర్చున్నాను. కౌంటర్ అవతల ఉన్న అమ్మాయికి మా కోడలి వయసుంటుంది. నా పాస్‌పోర్టునీ మా ఆయన మరణపత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత తలెత్తి చాలా మెల్లగా, "పా, మీరు ఫూ తిట్‌తామ్ కదా" అంది.

"పా" అంటే పెద్దమ్మ. పెద్దవయసు ఆడవాళ్లను థాయ్‌లాండ్‌లో అలాగే పిలుస్తారు. "ఫూ తిట్‌తామ్" అంటే వెంట వచ్చిన మనిషి. భర్త ఉద్యోగం మీదో, భర్త రిటైర్మెంట్ మీదో ఆ దేశంలో ఉంటున్న భార్యను కాగితాల్లో అలా లెక్కపెడతారు. ఇరవై తొమ్మిదేళ్లుగా నేను ఆ లెక్కలోనే ఉన్నాను. ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో గుర్తులేదు. ఆ రోజు మాత్రం గుండెలో గుచ్చుకుంది. ఎవరి వెంట వచ్చానో ఆ మనిషి లేరు.

"ముద్ర మీద నవంబరు 12 అని ఉంది. అప్పటిదాకా ఉండండి. ఆ తర్వాత ఆయన పేరు మీద మీకు పొడిగింపు రాదు. మీ పేరు మీద మీరే పెట్టుకోవాలి" అని చెప్పి, కావలసిన కాగితాల జాబితా నా చేతికిచ్చింది. అందులో మొదటిది: నా ఒక్కదాని పేరు మీద ఉన్న థాయ్ బ్యాంకు ఖాతాలో 8 లక్షల బాత్. దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ అక్కడే ఉండాలి. మన డబ్బులో అప్పటికి దాదాపు పంతొమ్మిది లక్షలు. నా పేరు మీద థాయ్‌లాండ్‌లో ఆ రోజుకు ఒక్క ఖాతా కూడా లేదు.

ఈ రాత ఆ రోజు గురించే. ఇంకా సూటిగా చెప్పాలంటే, విదేశంలో రిటైరై ఉంటున్న మన తెలుగు దంపతులకు ఒక మాట చెప్పడానికి. ఇద్దరూ యాభై దాటి ఉంటే, ఎవరి వీసా వాళ్లదిగా పెట్టుకోండి. ఒకరి వీసా మీద ఇంకొకరు ఆధారపడి ఉండడం చవక, సులువు. నాకు తెలుసు, మేమూ అందుకే అలా చేశాం. అయినా ఆ పద్ధతి మానుకోమనే చెబుతున్నాను.

మేం 1994లో వచ్చాం. బ్యాంకాక్‌కు ఉత్తరాన, చావో ప్రాయా నది ఒడ్డున ఉన్న ఒక దారం మిల్లులో మా ఆయనకు ఉద్యోగం. మాది రాజమండ్రి. నది పక్కన ఇల్లు దొరికిందని నేను ఎంత సంతోషించానో. 1997 జులైలో బాత్ విలువ ఒక్కసారిగా పడిపోయినప్పుడు చాలామంది మనవాళ్లు వెళ్లిపోయారు, మేం ఉండిపోయాం. 2011 వరదల్లో మా వీధిలో నడుంలోతు నీళ్లు. పక్కింటావిడ పడవలో వచ్చి పై అంతస్తు కిటికీలోంచి మాకు అన్నం పొట్లాలు అందించింది. ఊరు మనదైపోయిందని నాకు తెలిసింది అప్పుడే. 2015లో ఆయన రిటైరయ్యారు. బాబు హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. రాజమండ్రిలో ఇల్లు అద్దెకిచ్చేశాం. ఇక్కడే ఉందామనుకున్నాం.

రిటైర్మెంట్ వీసా అని అందరం అంటాం గానీ, నిజానికి అది ఏడాదికోసారి పొడిగించే అనుమతి. టీఎం 7 అనే ఫారం, 1,900 బాత్ ఫీజు, బ్యాంకు ఉత్తరం, పాస్‌బుక్, ఫోటో. థాయ్‌లో దీన్ని "తో వీసా" అంటారు. "తో" అంటే అతికించడం, కొనసాగించడం. ఏటా మన బతుకుకు ఇంకో ఏడాది ముక్క అతికించుకుంటామన్నమాట. రిటైర్మెంట్‌కి వాళ్ల మాట "కసియన్". అది మన సంస్కృత "క్షీణ" నుంచే వచ్చిందని మా ఆయన చెప్పినప్పుడు ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

యాభై దాటిన మనిషి 8 లక్షల బాత్ బ్యాంకులో చూపించాలి, లేదా నెలకు 65,000 బాత్ ఆదాయం చూపించాలి, లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షల లెక్క సరిపెట్టాలి. భార్య వేరే డబ్బు చూపించనక్కర్లేదు. పెళ్లి సర్టిఫికెట్ చూపించి భర్త వెంట ఉన్న మనిషిగా పొడిగింపు తీసుకోవచ్చు. ఒకళ్ల డబ్బుతో ఇద్దరి పని అయిపోతుంది. అందుకే దాదాపు అందరూ ఇలాగే చేస్తారు. ఎనిమిదేళ్లు ప్రతి నవంబరులోనూ ఆయన ఒక నీలం ఫైలు పట్టుకుని ముందు నడిచేవారు, నేను వెనక. "ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెట్టేదాన్ని. మూడు నెలలకోసారి ఇవ్వాల్సిన చిరునామా రిపోర్టు కూడా నాది ఆయనే ఇచ్చేవారు.

2019లో నిబంధన గట్టిపడింది. అంతకుముందు పొడిగింపుకు ముందు కొన్నాళ్లు డబ్బు ఉంటే చాలు. ఆ ఏడాది నుంచి పొడిగింపు వచ్చాక కూడా మూడు నెలలు 8 లక్షలూ కదలకూడదు, మిగతా ఏడాదంతా 4 లక్షలకు తగ్గకూడదు. అంటే ఆ నాలుగు లక్షలు మన పేరు మీద ఉంటాయి గానీ మనం ముట్టుకోలేం. ఇది నాకు అర్థమైంది 2023 జులైలో.

ఆయన్ని ఐసీయూలో తొమ్మిది రోజులు ఉంచారు. మూడో రోజున ఆసుపత్రివాళ్లు ఇంకో డిపాజిట్ కట్టమన్నారు. ఆయనకు మాట వస్తోంది అప్పటికి. కార్డు అడిగితే నా చెయ్యి పట్టుకుని, "ఆ అకౌంట్ ముట్టుకోకు, వీసా పోతుంది" అన్నారు. ఊపిరి అందని మనిషి వీసా గురించి ఆలోచిస్తున్నారు. బాబు హైదరాబాద్ నుంచి క్రెడిట్ కార్డు మీద కట్టాడు. మనిషి తనను తాను పోషించుకోగలడని నిరూపించడానికి పెట్టించిన డబ్బు, ఆ మనిషి ప్రాణం మీదకు వచ్చినప్పుడు వాడుకోవడానికి లేకుండా ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఏ దేశానికైనా తన గడ్డ మీద ఉండే పరాయివాళ్లను డబ్బు చూపించమనే హక్కుంది. కానీ ఆసుపత్రి బిల్లు చూపిస్తే ఆ ఏడాదికి ఆ నాలుగు లక్షల హద్దు సడలించడం పెద్ద కష్టం కాదు. ఆ ఒక్క మార్పు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

జులై 9న ఆయన పోయారు. మా ఊరి వాట్‌లోనే, అంటే బౌద్ధ ఆలయంలోనే, దహనం చేశాం. భిక్షువులు పాళీలో చదివారు, బాబు తలకొరివి పెట్టాడు. అక్కడ మరణపత్రాన్ని "మోరనబట్" అంటారు, మన మరణపత్రమే. అస్థికలు గోదావరిలో కలపాలి, పదో రోజు కర్మ రాజమండ్రిలో చెయ్యాలి. ఆరో రోజున ఎయిర్‌పోర్టుకు బయల్దేరాం. కారులో ఉండగా ఫోన్ వచ్చింది. మా ఆయన కింద పనిచేసిన విజయవాడ అబ్బాయి. "అక్కా, ఈ సమయంలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. రీఎంట్రీ తీసుకున్నారా?" అన్నాడు.

రీఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే పొడిగింపు ఆ క్షణమే రద్దయిపోతుంది. నవంబరు దాకా ఉన్న ముద్రకు విలువుండదు. తిరిగి వస్తే కొత్తగా వచ్చిన టూరిస్టే. ఆ పర్మిట్ సంగతి నాకు తెలుసు, ప్రతిసారీ ఆయన తీసుకునేవారు కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఎయిర్‌పోర్టులో దాని కోసం ఒక కౌంటర్ ఉంటుంది. ఒళ్లో అస్థికల సంచీ పెట్టుకుని ఫారం నింపాను. ఒకసారికి వెయ్యి బాత్. ఆ ఫోన్ రాకపోతే నేను ఇవాళ ఈ ఇంట్లో కూర్చుని ఇది రాసేదాన్ని కాదు. ఆ అబ్బాయికి ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పినా తీరదు.

తిరిగి వచ్చాక మొదలైంది అసలు టెన్షన్. వీసా కోసం చూపించే డబ్బు దరఖాస్తుదారు ఒక్కరి పేరు మీదే ఉండాలంటారు, జాయింట్ ఖాతాకు మామూలుగా ఒప్పుకోరు. అందుకని థాయ్‌లాండ్‌లో మా డబ్బంతా ఆయన ఒక్కరి పేరు మీదే పెట్టుకున్నాం. మనిషి పోయాక బ్యాంకు ఆ ఖాతా ఆపేస్తుంది. కోర్టుకెళ్లి వారసత్వ నిర్వాహకురాలిగా నియామకం తెచ్చుకుంటేగానీ డబ్బు కదలదు, దానికి నెలలు పడుతుంది. వీసా ఇప్పించిన ఆ ఖాతాయే, ఆయన పోయిన మర్నాటి నుంచి నాకు అందకుండా పోయింది. ఈ రెండు నిబంధనలు విడివిడిగా చూస్తే తప్పేమీ కనబడదు. రెండూ కలిసి పడితే భార్య నడిరోడ్డు మీద ఉంటుంది.

నన్ను కాపాడింది రాజమండ్రిలో ఉన్న మా ఎన్ఆర్ఈ ఖాతా, అంటే విదేశాల్లో ఉండే భారతీయుల కోసం మన బ్యాంకులు తెరిచే ఖాతా. దాన్ని ఆయన ఎప్పుడో ఇద్దరి పేరు మీద, ఎవరో ఒకరు బతికున్నా తీసుకోగలిగేలా తెరిచారు. ఎన్ఆర్ఈ డబ్బును విదేశానికి స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చు. కానీ తెచ్చి ఎక్కడ వెయ్యాలి? ఇక్కడ నా పేరు మీద ఖాతా తెరవడానికి మొదటి బ్యాంకు ఒప్పుకోలేదు. వీసా మూడు నెలల్లో అయిపోతోంది కదా అన్నారు. రెండో బ్యాంకు నివాస ధ్రువపత్రం తెమ్మంది. దానికోసం మళ్లీ ఇమిగ్రేషన్ ఆఫీసు. ఆ కాగితం ఇచ్చింది కూడా పెద్దమ్మా అని పిలిచిన ఆ అమ్మాయే. సెప్టెంబరు 4న డబ్బు నా ఖాతాలో పడింది. నవంబరు 12కు రెండు నెలలు ముందంటే సెప్టెంబరు 12. ఎనిమిది రోజుల తేడా. ఆ ఎనిమిది రోజులు దాటిపోయి ఉంటే, ఇరవై తొమ్మిదేళ్ల ఇంటికి ముప్పై రోజుల్లో తాళం వేసి వెళ్లాల్సి వచ్చేదేమో.

నవంబరు మొదటి వారంలో దరఖాస్తుకు వెళ్లాను. తిప్పి పంపారు. బ్యాంకు ఉత్తరం ఉంది, పాస్‌బుక్ ఉంది, కానీ పాస్‌బుక్‌లో ఆ రోజు తేదీతో ఎంట్రీ లేదు. డబ్బు ఇవాళ కూడా అక్కడే ఉందని చూపించాలి. మర్నాడు పొద్దున్నే బ్యాంకు తెరవగానే వంద బాత్ వేసి, పాస్‌బుక్‌లో అచ్చు వేయించి, అటు నుంచి అటే వెళ్లాను. ముద్ర వేసేటప్పుడు అధికారి "కసియన్" అని పైకి చదివాడు. నా జీవితంలో జీతం తీసుకున్న ఉద్యోగం ఎప్పుడూ చెయ్యలేదు. కానీ కాగితం ప్రకారం ఆ రోజు నుంచి నేను రిటైరైన మనిషిని, నా అంతట నేను. ఇంటికొచ్చి ఆయన ఫోటో ముందు పాస్‌పోర్టు పెట్టి చాలాసేపు ఏడ్చాను.

ఈ కథ చెప్పినప్పుడు మనవాళ్లు కొన్ని మాటలంటారు.

మొదటిది డబ్బు. ఇద్దరికీ వేరువేరుగా అంటే ఇంకో ఇరవై లక్షలు ఊరికే ఇరుక్కుపోతాయి కదా, అంత ఎక్కడ తెస్తాం అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బును పొదుపు ఖాతాలో కాకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టుకోవచ్చు, కొద్దో గొప్పో వడ్డీ వస్తుంది. నిజంగా అంత లేనివాళ్లకు నేను చెప్పేది ఇది: కనీసం భార్య పేరు మీద ఇక్కడ ఒక ఖాతా ఇవాళే తెరవండి, భర్త వీసా బలంగా ఉన్నప్పుడే. ఆ ఖాతాలో రెండు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ ఉండనివ్వండి. అవసరమైతే నాలుగు రోజుల్లో 8 లక్షలు అందులోకి రాగల దారి, అది ఎన్ఆర్ఈ ఖాతా అయినా, పిల్లలు పంపేదైనా, ఏర్పాటు చేసుకోండి. ఖాతా లేకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నంత సమయం డబ్బు లేకపోవడం వల్ల పోగొట్టుకోలేదు.

రెండోది, "అయినా ఆయన పోయాక అక్కడ ఒంటరిగా ఎందుకమ్మా, పిల్లాడి దగ్గరికి వచ్చెయ్యొచ్చుగా" అనే మాట. మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. ప్రేమతోనే అంటుంది. నేను రానని కాదు. ఎప్పుడో ఒకప్పుడు వెళ్తానేమో. కానీ ఆ నిర్ణయం నాది కావాలి. దుఃఖంలో ఉన్న మనిషిని ముద్ర మీది తేదీ తరిమితే, ఆవిడ ఇల్లు సర్దుకోలేదు, సామాను ఎవరికివ్వాలో ఆలోచించలేదు, భర్త ఖాతా కోసం కోర్టు చుట్టూ తిరగలేదు. ఆ కేసు నడవడానికైనా నేను ఇక్కడ ఉండాలి కదా. 2024 మార్చి దాకా అది తేలలేదు. నేను నవంబరులో వెళ్లిపోయి ఉంటే ఆ డబ్బు కోసం ఇంకెన్ని ప్రయాణాలు చెయ్యాలో!

మూడో మాట ఏజెంట్లు. ఆ ఆగస్టులోనే ఒకరు ఇంటికొచ్చి, "ఇంత ఇస్తే మేమే మీ ఖాతాలో డబ్బు వేసి, పని అయ్యాక తీసుకుంటాం, మీరు ఆఫీసుకు కూడా రానక్కర్లేదు" అన్నారు. అలసిపోయి ఉన్నాను, ఒక రాత్రంతా ఆలోచించాను. ఒప్పుకోలేదు. ఆ కాగితాల మీద సంతకం నాది, పాస్‌పోర్టు నాది. ఆ డబ్బు నాది కాదని ఎప్పుడో ఎవరైనా గమనిస్తే, కౌంటర్ ముందు నిలబడేది ఆ ఏజెంటు కాదు. పైగా ఏజెంటు చేతిలో పెడితే మళ్లీ నేను ఎవరో ఒకరి వెనక నడిచే మనిషినే. ఫారాలు నింపడానికి, అనువాదానికి సాయం తీసుకోవడం వేరు. అందులో తప్పులేదు, ఈ వయసులో చాలామందికి అది కావాలి. అరువు డబ్బును సొంత డబ్బుగా చూపించడం మాత్రం వద్దు.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక మాట. వర్క్ పర్మిట్ మీద వరసగా మూడేళ్లు ఉన్నవాళ్లు థాయ్‌లాండ్‌లో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాదికి ఒక్కో దేశం వాళ్లకు వందమందే కోటా. మంజూరైతే కట్టాల్సిన ఫీజు 1,91,400 బాత్. మా ఆయన ప్రతి ఏడాదీ "వచ్చే ఏడు చూద్దాం" అనేవారు, ఆ డబ్బు బాబు చదువుకు పోయింది. రిటైరయ్యాక ఆ దారి మూసుకుపోయింది, రిటైర్మెంట్ మీద ఎన్నేళ్లున్నా దానికి లెక్కలోకి రాదు. 2022లో వచ్చిన పదేళ్ల వీసాలో పింఛనుదార్లకు ఒక విభాగం ఉంది గానీ, దానికి ఏడాదికి 80,000 డాలర్ల ఆదాయం చూపించాలి, 40,000కు తగ్గకుండా అంతకు తక్కువైతే పెట్టుబడి కూడా పెట్టాలి. అది మనలాంటివాళ్లకు కాదు. జీతం వస్తున్నప్పుడే ఆ శాశ్వత నివాసం సంగతి చూసుకోండి.

ఇప్పుడు నీలం ఫైలు నాది. మా ఆయన రాసిపెట్టుకున్న చీటీ ఒకటి అందులో ఇంకా ఉంది: "పాస్‌బుక్ అదే రోజు." ఆ చీటీ మొదటిసారి ఫైలు తెరిచినప్పుడే చదివి ఉంటే తిరిగి రావాల్సిన పని ఉండేది కాదు. తొంభై రోజుల రిపోర్టు ఆన్‌లైన్‌లో నేనే ఇస్తున్నాను. ఏటా ఆయన పీఎఫ్ పింఛను తాలూకు జీవన ప్రమాణ పత్రం ఇస్తాను. ఇక్కడ ఉన్నానని వీళ్లకు, బతికి ఉన్నానని వాళ్లకు చెప్పడం నా క్యాలెండర్‌లో పెద్ద భాగమైపోయింది. అది నాకు భారం అనిపించడం లేదు. తేదీలు నాకు తెలుసు, అదే పెద్ద ధైర్యం.

మా ఊళ్లో ఇప్పుడు నాకు తెలిసిన తెలుగు కుటుంబాలు నాలుగున్నాయి. నలుగురు భార్యలూ భర్తల మీద ఆధారపడి ఉన్న వీసాల మీదే ఉన్నారు. ముగ్గురికి ఇక్కడ ఖాతా లేదు. పోయిన నెల వాళ్లని ఇంటికి పిలిచి, పెసరట్లు వేసి, ఈ కథంతా చెప్పాను. భర్తలు కూడా వచ్చారు. ఒకాయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, వెళ్లేటప్పుడు, "మా ఆవిడకు నా ఏటీఎం పిన్ కూడా తెలీదు అక్కా" అన్నారు.

ఆవిడ వచ్చే మంగళవారం నాతో బ్యాంకుకు వస్తోంది. పాస్‌పోర్టు, నివాస ధ్రువపత్రం, అద్దె ఒప్పందం రెండేసి కాపీలు తెచ్చుకోమన్నాను. తొమ్మిదిన్నరకు ముందే అక్కడ ఉండాలి, ఆ తర్వాత జనం ఎక్కువవుతారు.